రంగుల మ్యాపు చెప్పేదంతా నిజమేనా?

మెదడులో రక్త ప్రసరణను కొలిచే సీటీ పర్‌ఫ్యూజన్ స్కాన్ పక్షవాతం వైద్యంలో పెద్ద మార్పు తెచ్చింది. కానీ దాని అంకెలను ఎంతవరకు నమ్మాలి? ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్ల నుంచి పెద్దాసుపత్రికి బయల్దేరే కుటుంబాలు ఏం తెలుసుకోవాలి?

పక్షవాతం లక్షణాలతో మీ ఇంట్లో మనిషిని కర్నూలుకో, బళ్లారికో, హైదరాబాదుకో తీసుకెళ్లారనుకోండి. ఒకప్పుడు తలకు సీటీ స్కాన్ తీసి నలుపు తెలుపు ఫిల్ము చేతికిచ్చేవారు. ఇప్పుడు చాలా పెద్దాసుపత్రుల్లో దానితోపాటు మరో కాగితం వస్తోంది. అందులో మెదడు బొమ్మ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఉంటుంది. పక్కనే రెండు మూడు అంకెలుంటాయి. ఇంత భాగం చచ్చిపోయింది, ఇంత భాగాన్ని ఇంకా కాపాడవచ్చు అని వాటి అర్థం. ఆ అంకెలు చూసి డాక్టరు ‘గడ్డ తీసే చికిత్స చేద్దాం, లక్షల్లో అవుతుంది’ అనవచ్చు. లేదంటే ‘ఇప్పుడు చేసి లాభం లేదు’ అనవచ్చు. ఏ మాట అన్నా ఆ ఇంటి భవిష్యత్తు మారిపోతుంది. మరి ఆ మాటకు ఆధారమైన అంకెలు ఎంత గట్టివి?

ఈ ప్రశ్న పశ్చిమ కర్నూలు వారికి మరీ ముఖ్యం. ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. ఎమ్మిగనూరు నుంచి సుమారు 65. హొళగుంద, కౌతాళం, కోసిగి పల్లెల వారైతే ముందు ఈ రెండు ఊళ్లలో ఒకదానికి చేరి, అక్కడి నుంచి మళ్లీ బయల్దేరాలి. పనులు లేని నెలల్లో సుగ్గికని పిల్లలు గుంటూరు వైపు వెళితే ఇంట్లో మిగిలేది ముసలివాళ్లే. రాత్రి నిద్రలో మూతి వంకరపోయినా తెల్లవారాక గానీ ఎవరూ గమనించరు. ఇలా ఆలస్యంగా ఆసుపత్రికి చేరే రోగుల విషయంలోనే వైద్యులు ఎక్కువగా ఈ రంగుల మ్యాపు మీద ఆధారపడతారు. అంటే మన ప్రాంతపు రోగికి ఈ స్కాన్ అవసరం ఎక్కువ, అది తప్పితే జరిగే నష్టమూ ఎక్కువే.

కాలువ ఆగితే పైరు వెంటనే చావదు

తుంగభద్ర ఎల్లెల్సీ కింద సేద్యం చేసిన వారికి ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద కాలువకు అడ్డం పడితే కింది పొలాలన్నీ ఒక్కసారే ఎండిపోవు. కాలువను మాత్రమే నమ్ముకున్న మడి ముందు ఎండుతుంది. పక్క కాలువ నుంచి కాస్త నీరు అందే మడి వాడిపోతుంది గానీ చావదు. అడ్డం తీసి నీరు వదిలితే వాడిన పైరు తేరుకుంటుంది. ఎండిపోయిన పైరుకు ఎన్ని తడులిచ్చినా లాభం లేదు.

మెదడులో జరిగేదీ ఇదే. మన శరీర బరువులో మెదడు వాటా 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ప్రతి 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20కి దిగువకు పడితే కణాలు పని ఆపేస్తాయి. చేయి లేవదు, మాట రాదు. అయినా కణాలు ఇంకా బతికే ఉంటాయి. 10కి దిగితే కొద్దిసేపట్లోనే చనిపోతాయి. పూర్తిగా చనిపోయిన భాగాన్ని వైద్యులు ‘కోర్’ అంటారు. వాడిపోయినా కాపాడుకోగల భాగం ‘పెనంబ్రా’. పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో వచ్చిన ఒక లెక్క ప్రసిద్ధి చెందింది. అయితే ఇది సగటు మాత్రమే. పక్క రక్తనాళాలు బలంగా ఉన్న మనిషిలో మెదడు గంటల తరబడి నిలదొక్కుకుంటుంది. అవి బలహీనంగా ఉన్న వారిలో గంటలోనే అంతా అయిపోవచ్చు. ఎవరి మెదడులో ఎంత మిగిలిందో గడియారం ఒక్కటే చెప్పలేదు. అందుకే కొలిచే పరికరం కావాల్సి వచ్చింది.

స్కాన్ ఎలా కొలుస్తుంది?

మోచేతి దగ్గరి నరానికి సూది పెట్టి, అయోడిన్ కలిసిన రంగు మందును మిషనుతో వేగంగా ఎక్కిస్తారు. ఆ వెంటనే తలను నిమిషం పాటు, కొంచెం అటూ ఇటుగా, మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తారు. మందు మెదడులోని ఒక్కో చోటికి ఎప్పుడు చేరింది, ఎంత చేరింది, ఎప్పుడు బయటికి పోయింది అన్నది కంప్యూటరు గమనిస్తుంది. కాలువ మొదట్లో రంగు కలిపి, చివరి మడికి అది ఎంతసేపటికి వచ్చిందో చూసినట్టు అనుకోండి. ఈ ఆలోచనను 1980లోనే లియోన్ ఆక్సెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించారు. వేగంగా తిరిగే స్కానర్లు వచ్చాకే అది ఆసుపత్రుల్లో వాడకంలోకి వచ్చింది.

ఆ తర్వాత సాఫ్ట్‌వేరు రెండు గీతలు గీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న భాగంతో పోలిస్తే రక్త ప్రవాహం 30 శాతం కంటే తక్కువున్న చోటును కోర్‌గా లెక్కిస్తుంది. మందు చేరడంలో 6 సెకన్లకు మించి ఆలస్యమైన చోటును ప్రమాదంలో ఉన్న భాగంగా లెక్కిస్తుంది. ఉదాహరణకు కాగితంలో కోర్ 20 మిల్లీలీటర్లు, ఆలస్యమైన భాగం 90 మిల్లీలీటర్లు అని ఉందనుకోండి. తేడా 70. గడ్డ తీస్తే అంత మెదడును నిలబెట్టుకోవచ్చని అంచనా.

ఇక్కడే ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఈ స్కాన్ చూసేది కణాల చావును కాదు, ఆ నిమిషంలో రక్తం ఎలా పారుతోందన్నది మాత్రమే. పారుదలను బట్టి చావును ఊహిస్తుంది. 30 శాతం, 6 సెకన్లు అన్నవి వందలాది రోగుల అనుభవం నుంచి తీసిన సగటు గీతలు. వాటిని మీ ఇంటి మనిషి ఒక్కరి కోసం గీయలేదు.

ఇంత పేరు ఎందుకొచ్చింది?

ఆ పేరు ఊరికే రాలేదు. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ 1995లో అమెరికా పరిశోధనతో నిలదొక్కుకున్నప్పుడు గడువు 3 గంటలే. 2008లో యూరప్ పరిశోధన దాన్ని నాలుగున్నర గంటలకు పెంచింది. తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసే చికిత్స, అంటే థ్రాంబెక్టమీ, 2015 నాటికి రుజువైనా ఆరు గంటలు దాటితే చేయాలా వద్దా అన్న సందేహం ఉండేది.

ఆ సందేహాన్ని రెండు పరిశోధనలు తీర్చాయి. 6 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 206 మంది మీద జరిగిన ‘డాన్’ పరిశోధనలో, గడ్డ తీసిన వారిలో 49 శాతం మంది మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగారు. మందులు మాత్రమే ఇచ్చిన వారిలో అలాంటివారు 13 శాతమే. 2018లో వచ్చిన ‘డిఫ్యూజ్ 3’ పరిశోధనలో 6 నుంచి 16 గంటల మధ్య వచ్చిన 182 మందిలో ఈ తేడా 45 శాతం, 17 శాతం. రోగులను ఎంచుకోవడానికి ఈ రెండింటిలోనూ వాడినది సీటీ పర్‌ఫ్యూజన్ లేదా ఎంఆర్‌ఐ. ఆలస్యమైంది కాబట్టి చేతులెత్తేసే రోజులు అక్కడితో పోయాయి. నిద్రలో పక్షవాతం వచ్చి పొద్దున గమనించిన వారికీ తలుపు తెరుచుకుంది.

కాబట్టి ఈ స్కాన్ వ్యాపారం కోసం పుట్టిన మోసమని కొట్టిపారేయడం తప్పు. పెద్ద రక్తనాళం మూసుకుపోయి, ఆరు గంటలు దాటి వచ్చిన రోగిలో ఇది నిజంగా పనికొచ్చే పరీక్ష. దీన్ని అన్ని సందర్భాల్లోనూ ఒకేలా నమ్మడంతోనే చిక్కు వస్తుంది.

ఎక్కడెక్కడ తప్పుతుంది?

మొదటిది, మరీ తొందరగా తీసినప్పుడు. పక్షవాతం వచ్చిన మొదటి ఒకటి రెండు గంటల్లో రక్త ప్రవాహం బాగా పడిపోయి ఉండవచ్చు, కణాలు మాత్రం ఇంకా బతికే ఉండవచ్చు. సాఫ్ట్‌వేరు ఆ భాగాన్ని కోర్ అని రంగు వేసేస్తుంది. గడ్డ తీశాక మళ్లీ స్కాన్ చేస్తే ఆ ‘చచ్చిన’ భాగం మామూలుగా కనిపిస్తుంది. దీనికి వైద్యులు ‘గోస్ట్ కోర్’ అని పేరు పెట్టారు. లేని చావును చూపించే మచ్చ అన్నమాట. ‘కోర్ పెద్దదిగా ఉంది, లాభం లేదు’ అన్న మాట తొలి గంటల్లో వింటే ఈ సంగతి గుర్తుకు రావాలి.

రెండోది దీనికి తలకిందులు. గడ్డ తనంతట తానే కరిగి, చనిపోయిన భాగంలోకి మళ్లీ రక్తం పారవచ్చు. మ్యాపులో అంతా బాగున్నట్టు ఉంటుంది. ఎండిన చేనుకు నీరొచ్చినంత మాత్రాన పైరు బతికినట్టు కాదు కదా. అలాంటప్పుడు మామూలు నలుపు తెలుపు సీటీలో ఆ చోటు నల్లబడి కనిపిస్తుంది. అందుకే రంగుల మ్యాపును విడిగా చూడకూడదు, ప్లెయిన్ సీటీ పక్కన పెట్టి చదవాలి.

మూడోది, గుండె బలహీనంగా ఉన్నప్పుడు. డ్యాంలోనే నీరు తక్కువగా వదిలితే అన్ని పొలాలకూ ఆలస్యంగానే చేరుతుంది. అది చూసి మీ పిల్ల కాలువలో అడ్డం ఉందనుకుంటే పొరపాటే. గుండె పంపింగ్ తగ్గిన వారిలో, గుండె లయ తప్పిన వారిలో రంగు మందు మెదడుకు నెమ్మదిగా వస్తుంది. మెడలోని కెరోటిడ్ రక్తనాళం ఏళ్లుగా సన్నబడి ఉన్నవారిలో ఆ పక్కంతా ఆలస్యం కనిపిస్తుంది. కొత్త గడ్డ లేకపోయినా 6 సెకన్ల గీత దాటి, పెద్ద ప్రమాద ప్రాంతం ఉన్నట్టు మ్యాపు చూపించవచ్చు. షుగరు, బీపీ, పొగ అలవాటు ఎక్కువగా ఉన్న మన ఇళ్లలో ఇది అరుదైన సంగతేమీ కాదు.

నాలుగోది, చిన్న పక్షవాతాలు. మెదడు లోతుల్లో సన్నని రక్తనాళం మూసుకుపోతే వచ్చే చిన్న దెబ్బలను ఈ స్కాన్ చాలాసార్లు పట్టుకోలేదు. మెదడు వెనుక భాగం, కాండం దగ్గర కూడా దీని చూపు మందమే. తల తిరగడం, తూలిపోవడం, చూపు రెండుగా కనిపించడంతో వచ్చిన రోగికి ‘పర్‌ఫ్యూజన్ నార్మల్’ అని రాసినంత మాత్రాన గండం తప్పినట్టు కాదు.

ఐదోది, తీసే పద్ధతి. నిమిషం పాటు తల కదపకుండా పడుకోవడం కంగారులో ఉన్న రోగికి కష్టం. తల కదిలితే లెక్క చెడుతుంది. సూది సన్నగా ఉండి మందు నెమ్మదిగా ఎక్కినా చెడుతుంది. మందు మెదడు నుంచి పూర్తిగా బయటికి పోకముందే స్కాన్ ఆపేసినా చెడుతుంది. పాత స్కానర్లు మెదడులో కొన్ని సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కను మాత్రమే చూడగలవు. దెబ్బ ఆ ముక్క బయట ఉంటే మ్యాపులో ఉండనే ఉండదు. కొత్త తరం మిషన్లు దాదాపు మెదడంతా చూస్తాయి. బయట బోర్డు మీద ‘సీటీ స్కాన్’ అని ఉన్న ప్రతి చోటా ఒకే రకం మిషను ఉండదు.

ఇక మూర్ఛ, మైగ్రేన్ లాంటివి పక్షవాతంలా కనిపిస్తూ మ్యాపులో రంగులు మార్చగలవు. షుగరు బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే చేయి పడిపోవచ్చు. వేలికి గుచ్చి చూసే షుగరు పరీక్ష ఖరీదు కొద్దిపాటిదే. ఎంత పెద్ద స్కాన్ ఉన్నా ముందు చేయాల్సింది అదే.

ఒకే స్కాన్, రెండు జవాబులు

రక్తంలో షుగరు కొలిస్తే రెండు ల్యాబుల్లో కొద్దిపాటి తేడా వస్తుంది. ఇక్కడ తేడా అంతకంటే పెద్దది. ఒకే రోగుల స్కాన్ సమాచారాన్ని వేర్వేరు కంపెనీల సాఫ్ట్‌వేర్లలో వేసి చూసిన జపాన్ పరిశోధకులు, మ్యాపులు ఒకదానికొకటి పొసగడం లేదని 2010లోనే ప్రకటించారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లు చాలా మెరుగయ్యాయి. అయినా ఒక్కో కంపెనీ లెక్క కట్టే సూత్రం వేరు, గీసే గీత వేరు. కాబట్టి ఒక ఆసుపత్రిలో కోర్ 35 అని, ఇంకో ఆసుపత్రిలో 50 అని వస్తే మధ్యలో రోగం పెరిగిందనో, ఎవరో అబద్ధం చెప్పారనో వెంటనే అనుకోవద్దు. సాఫ్ట్‌వేరు మారినా అంకె మారుతుంది.

సమయం మారినా మారుతుంది. పొద్దున ఒక ఊళ్లో తీసిన మ్యాపును చూపించి మధ్యాహ్నం ఇంకో ఊళ్లో చికిత్స నిర్ణయించలేరు. నిన్నటి మార్కెట్టు రేటు చూసి ఇవాళ ఆదోని యార్డులో పత్తి అమ్మలేం కదా. ‘అక్కడ తీశారు కదా, ఇక్కడ మళ్లీ ఎందుకు?’ అని బంధువులు కోప్పడే సందర్భం ఇది. మొదటి స్కాన్ తీసి గంటలు గడిచి ఉంటే, మళ్లీ తీయమనడంలో న్యాయం ఉంది. అరగంట కిందటి స్కాన్ సీడీ చేతిలో ఉన్నా చూడకుండా మళ్లీ తీస్తామంటే మాత్రం కారణం అడగండి.

ఈ స్కాన్ లేకపోతే వైద్యం ఆగాలా?

ఆగక్కర్లేదు. ఇటీవలి పరిశోధనల్లో మన కుటుంబాలకు అత్యంత ఉపయోగపడే కబురు ఇదే.

నాలుగున్నర గంటల లోపు చేరిన రోగికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి రంగుల మ్యాపు అవసరమే లేదు. తలలో రక్తస్రావం లేదని చూపే ప్లెయిన్ సీటీ, షుగరు పరీక్ష, బీపీ, రోగి వివరాలు చాలు. మ్యాపు కోసం ఇంజెక్షన్ ఆపడం అంటే వాడుతున్న పైరుకు నీరు వదలకుండా ఎంత వాడిందో కొలుస్తూ కూర్చోవడమే.

ఆరు గంటలు దాటిన వారిలో కూడా చిత్రం మారింది. 2022లో ప్రచురితమైన ‘క్లియర్’ అధ్యయనం, ఆలస్యంగా వచ్చి గడ్డ తీయించుకున్న 1,600 మందికి పైగా రోగుల వివరాలను పరిశీలించింది. ప్లెయిన్ సీటీ చూసి ఎంచుకున్నా, పర్‌ఫ్యూజన్ చూసి ఎంచుకున్నా ఫలితాలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఇది పాత రికార్డుల పరిశీలనే కాబట్టి తుది తీర్పు కాదు. కానీ 2023లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ‘ఎంఆర్ క్లీన్ లేట్’ పరిశోధన మరో దారి చూపింది. రంగు మందుతో రక్తనాళాలను మాత్రం చూసే సీటీ యాంజియోగ్రామ్‌లో పక్క రక్తనాళాలు కనిపిస్తే చాలు, గడ్డ తీయడం వల్ల మేలు జరిగింది.

కోర్ పెద్దదైతే ఏమీ చేయలేం అన్న నమ్మకం కూడా సడలింది. 2022లో జపాన్ నుంచి, 2023లో చైనా నుంచి, ఇంకా పలు దేశాలు కలిసి చేసిన ‘సెలెక్ట్ 2’ నుంచి వచ్చిన ఫలితాలు, పెద్ద దెబ్బ తగిలిన వారిలోనూ గడ్డ తీయడం మేలే చేస్తుందని చెప్పాయి. ‘సెలెక్ట్ 2’లో స్వతంత్రంగా బతకగలిగిన వారు గడ్డ తీస్తే 20 శాతం, తీయకపోతే 7 శాతం. ఇక్కడ రెండు వైపులా చూడాలి. అవకాశం దాదాపు మూడు రెట్లయింది, నిజమే. అయినా ఐదుగురిలో నలుగురు మునుపటిలా కాలేదు. లక్షలు ఖర్చు పెట్టాలా అని తేల్చుకోవాల్సిన కుటుంబానికి ఈ రెండు సంగతులూ చెప్పడమే న్యాయం.

మన ప్రాంతానికి ఏది ముందు?

పర్‌ఫ్యూజన్ స్కాన్‌కు అనుకూలంగా చెప్పాల్సిన గట్టి మాట ఒకటుంది. 2024లో చైనాలో జరిగిన ‘ట్రేస్ 3’ పరిశోధన, గడ్డ తీసే సౌకర్యం అందని 516 మంది రోగులను తీసుకుంది. నాలుగున్నర నుంచి 24 గంటల మధ్య, పర్‌ఫ్యూజన్‌లో కాపాడుకోగల భాగం కనిపించిన వారికి టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చారు. దాదాపుగా మామూలు మనుషులైన వారు 33 శాతం. ఇంజెక్షన్ ఇవ్వని వారిలో 24 శాతం. మెదడులో రక్తస్రావం మాత్రం ఇంజెక్షన్ తీసుకున్న వారిలో 3 శాతం మందిలో కనిపించింది, మిగతా వారిలో అది ఒక శాతం లోపే. అదే ఏడాది వచ్చిన ‘టైమ్‌లెస్’ పరిశోధనలో రోగుల్లో ఎక్కువమందికి గడ్డ తీసే చికిత్స కూడా అందింది, అక్కడ ఈ ఇంజెక్షన్ వల్ల అదనపు మేలు తేలలేదు. అంటే పెద్ద కేంద్రాలకు దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆలస్యంగా ఇచ్చే ఇంజెక్షన్‌కు, దాన్ని నిర్ణయించే స్కాన్‌కు విలువ ఎక్కువ కావచ్చు.

కానీ దానికంటే ముందు మెట్లు ఉన్నాయి. ఆదోని వైద్య కళాశాలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో చేపట్టాలన్న నిర్ణయం మీద 2025 నుంచి వాదోపవాదాలు సాగుతున్నాయి. భవనం ఎవరు కట్టాలన్న చర్చ ఎటు తేలినా, పక్షవాతం రోగికి కావాల్సింది నాలుగు విషయాలు. రాత్రి రెండు గంటలకైనా ప్లెయిన్ సీటీ తీసే మనిషి ఉండాలి. ఆ సీటీని పది నిమిషాల్లో చూసి చెప్పే డాక్టరు, దగ్గర లేకపోయినా ఫోనులోనైనా అందుబాటులో ఉండాలి. ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉండాలి. అది ఇచ్చిన వెంటనే రోగిని పెద్ద కేంద్రానికి తీసుకెళ్లే అంబులెన్సు ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. హిమాచల్ ప్రదేశ్ కొండ ప్రాంతాల్లో దశాబ్దం కిందటే ఈ పని మొదలైంది. జిల్లా ఆసుపత్రుల డాక్టర్లు సీటీ చిత్రాలను ఫోనులో న్యూరాలజిస్టుకు పంపించి, ఆయన సలహాతో అక్కడికక్కడే ఇంజెక్షన్ ఇస్తున్నారు. మందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. అస్సాంలో భారత వైద్య పరిశోధన మండలి సీటీ మిషను అమర్చిన వాహనాన్నే రోగి దగ్గరికి పంపే ప్రయోగం చేసింది. 108 వాహనాలు 2005 నుంచి తిరుగుతున్న తెలుగు నేలకు ఇవి అందని ద్రాక్షలు కావు. మన ఊళ్లలో కోట్లు పెట్టి రంగుల మ్యాపు వేసే మిషను తెచ్చే ముందు, ఉన్న సీటీ రాత్రీపగలూ పని చేయడం ఎక్కువ ప్రాణాలను కాపాడుతుంది.

రేడియేషన్ మాటేమిటి?

ఒకే చోటును పదే పదే స్కాన్ చేస్తారు కాబట్టి, ప్లెయిన్ సీటీ కంటే పర్‌ఫ్యూజన్‌లో రేడియేషన్ ఎక్కువ. ప్రాణం, కాలు, చేయి ప్రమాదంలో ఉన్నప్పుడు ఆ భయంతో పరీక్ష వద్దనడం తగదు. అయితే మిషను సెట్టింగు సరిగా లేకపోతే ఏమవుతుందో 2009లో అమెరికా చూసింది. లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్ సైనై ఆసుపత్రిలో ఈ స్కాన్ కోసం మిషను సెట్టింగు మార్చాక, ఏడాదిన్నర పాటు 206 మంది రోగులకు ఉండాల్సిన దానికంటే సుమారు ఎనిమిది రెట్లు రేడియేషన్ అందింది. కొందరికి జుట్టు ఊడిపోయాకే విషయం బయటపడింది. ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ అన్ని ఆసుపత్రులనూ హెచ్చరించింది. పెద్ద పేరున్న చోటే అలా జరిగిందంటే, మిషన్లను ఎప్పటికప్పుడు తనిఖీ చేయడం ఎంత అవసరమో తెలుస్తుంది.

పక్షవాతం లక్షణాలేమీ లేకుండా, ‘మెదడుకు రక్తం సరిగా అందుతోందా చూద్దాం’ అని హెల్త్ చెకప్‌లో భాగంగా ఈ స్కాన్ చేయించుకోవద్దు. దాని వల్ల మీకు ఒరిగేది లేదు. ఆ డబ్బుతో ఏడాది పొడవునా బీపీ, షుగరు మందులు కొనుక్కుంటే పక్షవాతమే దూరంగా ఉంటుంది.

ఆసుపత్రిలో మీరు అడగాల్సినవి

1. ప్లెయిన్ సీటీలో రక్తస్రావం లేదు కదా? ఇంజెక్షన్ ఇచ్చే గడువులో ఉన్నామా? ఉంటే ఇప్పుడే ఇవ్వడానికి అడ్డేమిటి?

2. సీటీ యాంజియోగ్రామ్‌లో పెద్ద రక్తనాళం మూసుకుపోయిందా? ఎక్కడ? ఈ జవాబు లేకుండా రంగుల మ్యాపు ఒక్కటే చూసి గడ్డ తీసే చికిత్స నిర్ణయించరు.

3. పర్‌ఫ్యూజన్ అంకెలు, ప్లెయిన్ సీటీ, రోగి పరిస్థితి మూడూ ఒకే మాట చెబుతున్నాయా? ఒకటి తేడాగా ఉంటే ఏది నమ్ముతున్నారు, ఎందుకు?

4. గుండె జబ్బు, పాత పక్షవాతం, మెడ రక్తనాళం సన్నబడటం లాంటివి ఈ లెక్కను మార్చి ఉండవచ్చా? ఈ చరిత్ర డాక్టరుకు చెప్పాల్సింది మీరే.

5. చికిత్స చేస్తే మంచి ఫలితం వచ్చే అవకాశం ఎంత? చేయకపోతే ఎంత? ప్రభుత్వ వైద్య పథకం వర్తిస్తుందా?

ఈ ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు చాలు. వాదనకు దిగి అరగంట పోగొట్టుకోవద్దు. మంచి డాక్టరు వీటికి విసుక్కోరు.

బయల్దేరేటప్పుడు

మూతి ఒక పక్కకు లాగడం, ఒక చేయో కాలో పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, హఠాత్తుగా చూపు మసకబారడం, తూలిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. పావురం రక్తం పూయడం, నాటు మందు కోసం ఊరూరూ తిరగడం, సాయంత్రం వరకు చూద్దామనుకోవడం, ఇవన్నీ ఉన్న గడువును తినేస్తాయి. నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సీటీ తీయకముందు ఆస్పిరిన్ వేయవద్దు. గడ్డకు బదులు రక్తస్రావం అయి ఉంటే అది ప్రమాదం పెంచుతుంది. ఇంట్లో బీపీ మిషను ఉంటే చూడండి గానీ, మీ అంతట మీరు అదనపు మాత్ర వేసి బీపీ తగ్గించవద్దు.

మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన సమయాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. పడిపోయి ఉండగా చూసిన సమయం వేరు, చివరిసారి బాగున్న సమయం వేరు. డాక్టరుకు కావాల్సింది రెండోది. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఆ స్ట్రిప్పులు సంచిలో వేసుకోండి. కిడ్నీ జబ్బు, రంగు మందుతో ఇంతకు ముందు దద్దుర్లు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడకం ఉంటే చెప్పండి. ఒక చోట స్కాన్ తీస్తే ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి పంపితే చిన్న మార్పులు కనపడవు.

ఇక ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊరికి దగ్గరలో రాత్రివేళ కూడా సీటీ తీసే చోటు ఏది? అక్కడ గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా? ఆదోని వారికి కర్నూలు దగ్గరా, బళ్లారి దగ్గరా? రోడ్డు ఎలా ఉంది, ఎంతసేపు పడుతుంది? న్యూరాలజీ డాక్టరు రాత్రి ఉండేది ఎక్కడ? ఇంట్లో బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లుంటే ఈ వివరాలు కనుక్కుని, ఆ ఫోన్ నంబర్లు గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టండి.